తవుడుతో పోయినది

నెల్లూరు బియ్యం అనగానే పాత తరంవాళ్లకు ముందు గుర్తొచ్చేవి మొలగొలుకులు. పెన్నా ఆయకట్టు పొలాల్లో ఆ రకం ఇప్పుడు అరుదు. దాని స్థానంలో నెల్లూరు పరిశోధనా కేంద్రం విడుదల చేసిన నెల్లూరు మసూరి, బాపట్ల నుంచి వచ్చిన సాంబా మసూరి లాంటివి పాతుకుపోయాయి. రకాలు మారినా అన్నం మల్లెపువ్వులా ఉండాలన్న కోరిక మారలేదు. మిల్లులో వడ్లు ముందు ఊకను వదులుతాయి. అప్పటికి మిగిలేది ముడిబియ్యం, గోధుమరంగు పొరతో ఉంటుంది. ఆ పొరను గీకి గీకి తెలుపు తేలేదాకా పాలిష్ పడితే రాలేది తవుడు. తవుడు గొడ్లకు పోతుంది, కొంత నూనె తీయడానికి పోతుంది. గింజ కూడబెట్టుకున్న బి1 విటమిన్‌లో చాలా భాగం ఆ తవుడులోనే ఉంటుంది. వంద గ్రాముల ముడిబియ్యంలో సుమారు 0.4 మిల్లీగ్రాముల బి1 ఉంటే, బాగా పాలిష్ పట్టిన బియ్యంలో 0.1 మిల్లీగ్రాము కూడా మిగలదు.

బి1కు మరో పేరు థయమిన్. మనం తిన్న పిండిపదార్థం శక్తిగా మారే దారిలో ఒకటి రెండు మలుపుల దగ్గర అది లేకపోతే పని ఆగిపోతుంది. శరీరం దాన్ని పెద్దగా దాచుకోలేదు, ఉన్న నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. చిక్కేమిటంటే, అన్నం ఎంత ఎక్కువ తింటే దాన్ని అరగదీసి వాడుకోవడానికి అంత ఎక్కువ బి1 కావాలి. తెల్లన్నం తప్ప మరేమీ పెద్దగా దొరకని ఇంట్లో రెండు వైపులా నష్టమే. ముందు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, తర్వాత నడక తడబడుతుంది, కొందరికి ఒళ్లంతా నీరు పట్టి గుండె ఆగిపోతుంది. ఇదే బెరిబెరి.

ఈ జబ్బుకు తెలుగు తీరంతో పాత సంబంధం ఉంది. 1835లో మద్రాసులో మాల్కంసన్ అనే సైనిక వైద్యుడు బెరిబెరి మీద ఒక పుస్తకమే అచ్చువేశాడు. ఉత్తర సర్కారుల్లో, అంటే నెల్లూరుకు పైన ఉన్న కోస్తా జిల్లాల్లో, ఈ జబ్బు బలంగా ఉందని అప్పటికే తెలుసు. అదే మద్రాసు రాజధానిలో దక్షిణాన తమిళ జిల్లాల్లో అది అంతగా కనిపించదు. అక్కడి పేదలేమీ ఇక్కడివాళ్లకన్నా బాగా తిన్నవాళ్లు కారు. తేడా వడ్లను సిద్ధం చేసే పద్ధతిలో ఉంది. తెలుగువాళ్లు పచ్చి బియ్యం తింటారు. తమిళులు వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాత ఆడించిన ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లు ఉడికేటప్పుడు పైపొరలోని బి1 నీటితోపాటు గింజ లోపలికి దిగి అక్కడే స్థిరపడుతుంది. ఆ తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. మలయాలో పనిచేసిన బ్రాడన్ అనే వైద్యుడు 1907లో ఇదే గమనించాడు: పచ్చి తెల్లబియ్యం తినే చైనా కూలీలకు బెరిబెరి వస్తోంది, ఉప్పుడు బియ్యం తినే తమిళ కూలీలకు రావడం లేదు. పోషకాన్ని ఆహారంలోకి ఎక్కించడం కొత్త శాస్త్రమని మనం అనుకుంటాం గానీ, ఏ ప్రయోగశాలా లేని రోజుల్లోనే దక్షిణాది ఇళ్లు ఆ పని చేశాయి. పైగా వాళ్లు దాన్ని పోషణ కోసం చేయలేదు. ఉడకబెట్టిన వడ్లు మరలో తక్కువ నూక అవుతాయి, బియ్యం ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది.

బెరిబెరి కథను ముగింపుకు తెచ్చిన రసాయన శాస్త్రవేత్త ఈ జిల్లాలోనే పుట్టాడన్న సంగతి నెల్లూరులో కూడా చాలామందికి తెలియదు. రాబర్ట్ రన్నల్స్ విలియమ్స్ 1886 ఫిబ్రవరి 16న నెల్లూరులో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు. తండ్రి రామాయపట్నంలో, ఇప్పుడు ఓడరేవు కడుతున్న ఆ సముద్రపుటొడ్డునే, తెలుగు బోధకులకు చదువు చెప్పే వేదపాఠశాలలో పనిచేశాడు. పిల్లవాడి చిన్నతనం ఇక్కడ గడిచింది. తర్వాత కుటుంబం అమెరికా వెళ్లిపోయింది. అతను షికాగోలో రసాయనశాస్త్రం చదివి, ఫిలిప్పీన్స్‌కు వెళ్లి, మనీలాలోని ప్రభుత్వ విజ్ఞానశాలలో చేరాడు.

1910లో ఎడ్వర్డ్ వెడ్డర్ అనే అమెరికా సైనిక వైద్యుడు ఒక సీసా పట్టుకుని అతని దగ్గరికి వచ్చాడు. అందులో తవుడు నుంచి తీసిన ముదురు రంగు సారం ఉంది. తెల్లబియ్యం తినే తల్లుల పాలు తాగి బెరిబెరి పాలైన పసికందులు మనీలాలో వందల సంఖ్యలో చనిపోతున్న రోజులవి. ఆ సారం కొన్ని చుక్కలు నోట్లో పోస్తే, స్పృహ తప్పిన బిడ్డ కొన్ని గంటల్లో కళ్లు తెరుస్తోంది. ఇందులో పనిచేస్తున్న పదార్థం ఏదో తేల్చమన్నాడు వెడ్డర్. విలియమ్స్‌కి ఆ పని పూర్తిచేయడానికి 26 ఏళ్లు పట్టింది. అందులో ఎక్కువ భాగం జీతం లేని పనే. పగలు బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో రసాయన విభాగం చూసుకునేవాడు, మిగిలిన వేళల్లో తవుడుతో కుస్తీ పట్టేవాడు. 1926లో జావాలో యాన్సెన్, డోనాత్ అనే ఇద్దరు వందల కిలోల తవుడు నుంచి చిటికెడు స్ఫటికాలు రాబట్టారు గానీ, ఆ అణువులో గంధకం ఉందన్న సంగతి వాళ్ల విశ్లేషణకు చిక్కలేదు. విలియమ్స్ బృందం 1930ల నడుమ స్ఫటికాలను తగినంత మోతాదులో తీసి, నిర్మాణం తేల్చి, 1936లో కృత్రిమంగా తయారుచేసింది. థయమిన్ అని పేరు పెట్టింది ఆయనే. పేటెంట్ల రాబడిలో అధిక భాగం పోషణ లోపాల మీద పరిశోధనకు పెట్టిన నిధికి చేరింది.

విటమిన్ చేతికొచ్చాక దాన్ని ఎలా తినిపించాలన్నది వేరే శాస్త్రం. అసలు ఈ అధ్యాయం దాని గురించే. ఏ పోషకం కావాలో తేల్చడం కష్టమే గానీ, దాన్ని ఏ వాహనం ఎక్కించి పంపాలో తేల్చడం అంతకన్నా కష్టం. అమెరికాలో పని సులువైంది. పిండి పెద్ద మిల్లుల్లో తయారవుతుంది, రొట్టెగా మారుతుంది, మధ్యలో ఎవరూ కడగరు. 1941 నుంచి అక్కడి గోధుమపిండిలో బి1 కలపడం మొదలైంది. బియ్యం అలా కాదు. గింజగానే ఇంటికొస్తుంది. ఇల్లాలు రెండు మూడు నీళ్లు పోసి కడుగుతుంది, ఎసట్లో వేసి గంజి వారుస్తుంది. బి1 నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. పొడి చల్లి పంపితే కుడితి తొట్టికి చేరుతుంది, అంతే.

విలియమ్స్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. కొద్దిపాటి గింజలకు బి1, నియాసిన్, ఇనుము దట్టంగా పట్టించి, మీద నీళ్లకు తేలిగ్గా ఊడని పూత వేసి, వాటిని మామూలు బియ్యంలో 200కు ఒకటి చొప్పున కలిపించాడు. 1948లో ఫిలిప్పీన్స్‌లోని బతాన్ ద్వీపకల్పంలో ఒక భాగానికి ఈ బియ్యం ఇచ్చి, మరో భాగానికి మామూలు బియ్యం వదిలేశారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ బియ్యం తిన్న వైపు బెరిబెరి చావులు దాదాపు మాయమయ్యాయి. 1952లో ఆ దేశం చట్టం చేసింది. చట్టం మాత్రం సరిగా అమలు కాలేదు. కారణం రసాయనంలో లేదు, లెక్కల పుస్తకంలో ఉంది. కలిపే గింజలు ఎన్ని కొన్నారో చూస్తే మిల్లరు ఏడాదికి అసలు ఎన్ని బస్తాలు ఆడించాడో ప్రభుత్వానికి తెలిసిపోతుంది. పన్నుకు చూపించిన లెక్క అది కాదు. మిల్లర్లు ఏదో ఒక సాకుతో తప్పించుకున్నారు. బియ్యం వ్యాపారం తెలిసిన తెలుగువాళ్లెవరికీ ఇది వింతగా అనిపించదు.

మన తీరంలో బెరిబెరి ఏమైంది? దాని మీద పరిశోధన 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ నడిపిన బెరిబెరి విచారణతో మొదలైంది. ఆ చిన్న విభాగమే పెరిగి పోషణ పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా బస్సులో పోతూ రోజూ చూసే ఆ ప్రాంగణం మూలం కోస్తా తెలుగువాళ్ల కాళ్ల తిమ్మిరే. 1930లలో గాంధీ మర బియ్యం మానండి, దంపుడు బియ్యం తినండి అని గ్రామ పరిశ్రమల సంఘం ద్వారా ప్రచారం చేశాడు. ఆ మాట ఎంతమంది విన్నారో గానీ రోకళ్లు మళ్లీ లేవలేదు. చివరికి బెరిబెరిని తరిమింది ఏ విటమిన్ పొడీ కాదు. కంచంలో పప్పు, కూర, చేప, పాలు కాస్త పెరిగి, ఒట్టి అన్నంతో కడుపు నింపుకునే అవసరం తగ్గడమే దాన్ని పోగొట్టింది. పోషకాలు కలిపే పథకాల గురించి ఉత్సాహంగా మాట్లాడేవాళ్లు ఈ సంగతిని కాస్త వినాలి.

ఇక ఇప్పటి రేషన్ బియ్యం. 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట నుంచి ప్రకటించాక, అంగన్వాడీలకు, బడి భోజనానికి, ఆ తర్వాత చౌకదుకాణాలకు దశలవారీగా పోషకాలు కలిపిన బియ్యం వచ్చాయి. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దీన్ని 2028 డిసెంబరు దాకా 17,082 కోట్ల రూపాయలతో కొనసాగించాలని నిర్ణయించింది. పద్ధతి విలియమ్స్ ఆలోచనకు తమ్ముడే. నూకలను పిండి చేసి, పోషకాల మిశ్రమం కలిపి, ఆవిరితో ముద్దచేసి, యంత్రంలోంచి బియ్యపు గింజ ఆకారంలో బయటికి తోసి ఆరబెడతారు. కిలో బియ్యానికి ఈ గింజలు పది గ్రాములు కలుపుతారు. పోషకం పైపూతలో కాక గింజ లోపలే ఉంటుంది కాబట్టి కడిగినా పెద్దగా పోదు. గంజి వారిస్తే కొంత పోతుంది.

కిలో బియ్యంలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 75 నుంచి 125 మైక్రోగ్రాములు, బి12 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు ఉండాలని నిబంధన. బి1 ఈ జాబితాలో తప్పనిసరి కాదు, ఇష్టమైతే కలపవచ్చు. తవుడుతో పోయింది ప్రధానంగా బి1, తిరిగి వస్తున్నది మాత్రం వేరే సరుకు. ఇందులో తప్పేమీ లేదు, ఇప్పటి జబ్బు రక్తహీనత గనక. ఫోలిక్ ఆమ్లానికి మాత్రం ఈ నేలతో రెండు బంధుత్వాలున్నాయి. 1941లో నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని వేరుచేసి ఆ పేరు పెట్టిన టెక్సాస్ బృందానికి పెద్ద రోజర్ విలియమ్స్, మన నెల్లూరు రాబర్ట్‌కి సొంత తమ్ముడు, ఊటీలో పుట్టినవాడు. నాలుగేళ్లకు లెడర్లే కంపెనీలో దాన్ని కృత్రిమంగా తయారుచేయించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు సుబ్బారావు అన్నదమ్ములను మింగింది, ఆయన్నీ మంచాన పడేసింది. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం మందుగా నిలిచింది.

రేషన్ సంచి విప్పగానే కాస్త వేరే రంగులో, మరీ నున్నగా ఉన్న గింజలు కొన్ని కనిపిస్తాయి. నీళ్లలో వేస్తే తేలతాయి. అంతే, ప్లాస్టిక్ బియ్యం వచ్చాయని ఊరంతా గోల. కొన్ని ఇళ్లలో ఓపిగ్గా ఆ గింజలనే ఏరి పారేశారు, అంటే పోషకాన్నంతా వడగట్టి బయట పోశారన్నమాట. దీనికి జనాన్ని తప్పు పట్టడం సులువు. మనిషికి రోజూ పెట్టే అన్నంలో కొత్త వస్తువు చేర్చి, దాని గురించి సంచి మీద ఒక గుర్తు ముద్రించి ఊరుకుంటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? డీలరుకే తెలియని సంగతి కార్డుదారుడికి ఎవరు చెప్పాలి?

అసలు ప్రశ్న ఇనుముది. కలిపే ఇనుము ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్. తెల్లగా ఉంటుంది, రుచి ఉండదు, బియ్యాన్ని పాడుచేయదు. ఈ మంచి గుణాలన్నిటికీ కారణం అది నీళ్లలో కరగకపోవడమే, కరగదు గనకే పేగులో కూడా తక్కువగా ఒంటపడుతుంది. బాగా ఒంటపట్టే ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే అన్నం రంగు మారుతుంది, వాసన వస్తుంది, జనం తినరు. కాబట్టి ఇది రాజీ బేరం. 2019లో ప్రపంచవ్యాప్త ప్రయోగాలను పోగేసి చూసిన కోక్రేన్ సమీక్ష, ఇలాంటి బియ్యం వల్ల రక్తహీనత ముప్పులో తేడా చాలా తక్కువగా ఉండవచ్చు, లేదా అసలు ఉండకపోవచ్చు అని తేల్చింది. మరోపక్క 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అవసరం పెద్దది, ఆయుధం చిన్నది.

ఆ చిన్న ఆయుధానికి పదును పెట్టేది కంచంలోని మిగతా పదార్థాలు. సి విటమిన్ పక్కన ఉంటే ఇనుము బాగా ఒంటపడుతుంది, చేప ముక్క ఉన్నా అంతే. టీ వెంటపడితే తగ్గుతుంది. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి లారీలకొద్దీ నిమ్మకాయలు ఉత్తరాదికి పోతుంటాయి. ఆ కాయల్లో ఒకటి పొయ్యి దించాక పప్పులో పిండితే ప్రభుత్వం పంపిన ఇనుముకు పని దొరుకుతుంది. పొయ్యి మీద ఉన్నప్పుడు పిండితే వేడికి సి విటమిన్ చాలావరకు పోతుంది. నెల్లూరు చేపల పులుసుతో రేషన్ అన్నం తినే ఇంటికీ, పచ్చడి మెతుకులు తిని వెంటనే టీ తాగే ఇంటికీ ఒకే సంచి ఒకే ఫలితం ఇవ్వదు.

బియ్యం కన్నా ఉప్పు ఎంతో మెరుగైన వాహనం. ధనికుడైనా పేదయినా రోజుకు తినేది దాదాపు ఒకే కొలత, ఎవరూ కడగరు, ఎక్కువ తినాలన్నా తినలేరు. ఇక్కడ కూడా దారి చూపినవాడు తెలుగువాడే. శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు మండలాలుగా విడదీసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇప్పించాడు. అయోడిన్ అందిన రెండు చోట్లా గాయిటర్, అంటే గొంతు కింద వాపు, గణనీయంగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం ఆ ఫలితాల మీదే నిలబడింది.

హిమాలయాల జబ్బుకు అల్లూరు మండలం ఇస్కపల్లి ఉప్పు మళ్లతో ఏం పని అని అడగవచ్చు. సముద్రపు ఉప్పులో అయోడిన్ సహజంగానే ఉంటుంది కదా అన్నది తీరంలో బలమైన నమ్మకం. లెక్క వేసి చూద్దాం. లీటరు సముద్రపు నీళ్లలో అయోడిన్ సుమారు 60 మైక్రోగ్రాములు, లవణాలు 35 గ్రాములు. ఉన్న అయోడినంతా ఆ లవణాలతోనే గడ్డకట్టిందనుకున్నా కిలో ఉప్పుకు రెండు మిల్లీగ్రాములు కూడా రాదు. నిజానికి ఉప్పు పేరుకున్నాక మడిలో మిగిలే చేదునీళ్లతోపాటు అందులో చాలా భాగం పోతుంది. చట్టం అడిగేది తయారీ దగ్గర కిలోకు 30 మిల్లీగ్రాములు, ఇంటికి చేరేసరికి కనీసం 15. మనిషి రోజుకు తినే ఉప్పు పది గ్రాములనుకుంటే 15 చొప్పున వచ్చేది 150 మైక్రోగ్రాములు, పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సరిగ్గా అంతే. సముద్రంలో అయోడిన్ దొరికేది ఉప్పులో కాదు, చేపల్లో, రొయ్యల్లో, నాచులో. వలకు దగ్గరగా ఉన్న ఇళ్లకు ఆ మేరకు అందుతుంది. పది మైళ్లు లోపలికి పోతే ఆ ధీమా ఉండదు.

టన్ను ఉప్పుకు కలపాల్సింది దాదాపు 50 గ్రాముల పొటాషియం అయోడేట్, గుప్పెడంత కూడా ఉండదు. అయోడైడ్ కాకుండా అయోడేట్ వాడటానికి కారణం మన ఉక్కపోతే. తేమ తగిలితే అయోడైడ్ త్వరగా ఆవిరైపోతుంది, అయోడేట్ ఓర్చుకుంటుంది. అయినా తడిసిన బస్తాలో అది నెమ్మదిగా అడుగుకు దిగిపోతుంది. ఇంట్లో మూత ఉన్న జాడీలో, పొయ్యికి దూరంగా పెట్టుకోవడం మంచిదనేది అందుకే.

ఇంత చౌకైన పని మన తీరంలో ఇంకా ఎందుకు పూర్తికాలేదు? 2018-19లో జరిగిన దేశవ్యాప్త అయోడిన్ సర్వేలో సరిపడా అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్లు దేశం మొత్తం మీద 76 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 64 శాతం దగ్గర ఆగాయి. మనకన్నా కింద ఉన్నది తమిళనాడు. ఉప్పు పండించే రెండు రాష్ట్రాలే జాబితా అడుగున ఉన్నాయి. ఉప్పు మళ్లు పక్కనే ఉన్నప్పుడు బస్తా రాళ్ల ఉప్పు చేతికి చౌకగా వస్తుంది, ఏ కర్మాగారం గుండా రాదు. ఆవకాయకు, ఎండుచేపలకు రాళ్ల ఉప్పే వాడాలన్న పట్టింపు ఒకటి. అయోడిన్ ఉప్పు వేస్తే పచ్చడి రంగు మారుతుందన్న భయానికి ఆధారం లేదు గానీ, ఏటా ఒకసారి పెట్టే జాడీ మీద ప్రయోగం చేయమంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఉప్పు రైతు వైపు నుంచి చూస్తే ఇంకో బాధ ఉంది. కొన్ని ఎకరాల మళ్లు కౌలుకు చేసుకునే మనిషికి ఉప్పు కడిగి, ఎండబెట్టి, అయోడేట్ ద్రావణం సమంగా చిమ్మే యంత్రం ఎక్కడి నుంచి వస్తుంది? వర్షం పడితే పంటే కరిగిపోయే బతుకది. అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదన్న నిషేధాన్ని కేంద్రం 2000లో ఎత్తేసి, 2006లో మళ్లీ పెట్టింది. 2011లో సుప్రీంకోర్టు ఆ పాత నియమాన్ని కొట్టేస్తూ కొత్తది తెచ్చుకోవడానికి గడువిచ్చింది, ఆహార భద్రత చట్టం కింద కొత్త నియమం వచ్చింది. ఈ వాదన నడిచినంతకాలం ఒక వైపు పిల్లల మెదడు ఎదుగుదల, మరో వైపు గుజరాత్ పెద్ద కంపెనీల పొట్లాలకు దారి వదిలి చిన్న ఉప్పు రైతులు తప్పుకోవడం. రెండూ నిజాలే. నిషేధం పెట్టిన చేత్తోనే ఊరికి ఒక ఉమ్మడి అయోడిన్ యంత్రం పెట్టి ఉంటే ఈ వాదనలో సగం ఉండేది కాదని నా అభిప్రాయం.

ఉప్పు అంత మంచి వాహనమైతే ఇనుము కూడా అందులోనే ఎక్కించవచ్చు కదా? హైదరాబాదు పోషకాహార సంస్థలో బి.ఎస్. నరసింగరావు బృందం దశాబ్దాలపాటు ఇదే పని చేసింది. ఇనుము, అయోడిన్ ఒక పాత్రలో ఇమడవు. కరిగే ఇనుము అయోడేట్‌ను విడగొట్టి అయోడిన్‌ను గాలిలోకి పంపుతుంది, తాను తుప్పు రంగుకు తిరుగుతుంది. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ అనే పదార్థం కలిపితే అది ఇనుమును పట్టి ఉంచి ఈ తగాదాను ఆపుతుందని వాళ్లు చూపించారు. రెండు పోషకాల ఉప్పు అలా పుట్టింది. ఉప్పు తడిగా, మురికిగా ఉంటే మాత్రం ఆ కాపలా సడలుతుంది, కొన్ని కూరల్లో నల్లమచ్చలు తేలతాయి. మచ్చ తేలిన కూరను పిల్లలు పక్కకు నెట్టేస్తే లోపల ఇనుము ఎంతుందన్న లెక్క ఎందుకు?

నూనె సంగతి ఇంత గొడవ లేకుండా నడుస్తోంది. కృష్ణపట్నం రేవులో దిగిన ముడి పామాయిలు, పొద్దుతిరుగుడు నూనె ముత్తుకూరు మండలం పంటపాలెం దగ్గరి శుద్ధి కర్మాగారాలకు చేరుతుంది. శుద్ధిలో రంగుతోపాటు సహజమైన కెరోటిన్లు కూడా పోతాయి. పొట్లం మీద నీలిరంగు ప్లస్ గుర్తు, పక్కన ఎఫ్ అక్షరం ఉంటే, గ్రాముకు 6 నుంచి 9.9 మైక్రోగ్రాముల ఎ విటమిన్, కొంచెం డి విటమిన్ తిరిగి కలిపారని అర్థం. ఈ రెండూ కొవ్వులో కరిగేవి గనక నూనె వాటికి సొంత ఇల్లు. వనస్పతిలో ఎ విటమిన్ కలపడం మన దేశంలో 1953 నుంచే తప్పనిసరి. రోజుకు 20 గ్రాముల నూనె వాడితే స్త్రీకి కావలసిన ఎ విటమిన్‌లో ఐదో వంతు దాకా వస్తుంది. మిర్చి బజ్జీల మూకుడులో మళ్లీ మళ్లీ కాగిన నూనెలో మాత్రం అది మిగలదు. డబ్బాల్లోంచి కొలిచి పోసే విడి నూనెలో ఉందో లేదో చెప్పేవాళ్లే లేరు.

అందరికీ తప్పనిసరిగా తినిపించే పోషకానికి కొలత ముఖ్యమని ఈ జిల్లాకు వేరే దారిలో తెలుసు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట శాస్త్రీయంగా వర్ణించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు బావినీళ్లలోని ఫ్లోరైడ్‌కూ వంగిపోయిన వెన్నులకూ ముడి తేల్చారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు పంటికి మేలు చేసే ఫ్లోరైడ్, అంతకు కొన్ని రెట్లు ఏళ్లతరబడి తాగితే ఎముకలను బిగదీస్తుంది. తాగే నీళ్లను వద్దనుకునే వీలు ఎవరికీ ఉండదు. రేషన్ బియ్యం మీద వచ్చిన అభ్యంతరంలోనూ ఇదే తర్కం ఉంది. తలసీమియా, సికిల్‌సెల్ ఉన్నవాళ్లలో కొందరి ఒంట్లో ఇనుము ఇప్పటికే పేరుకుని ఉంటుంది. వాళ్లకోసం సంచి మీద హెచ్చరిక ఉండాలన్న నిబంధనను 2024లో తీసేశారు, కలిపే మోతాదుకు ముప్పు ఉందన్న ఆధారం లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం.

మోతాదు నిజంగా చిన్నదే. రోజుకు 300 గ్రాముల రేషన్ బియ్యం వండుకునే గర్భిణికి ఆ అన్నం నుంచి అదనంగా అందేది 8 నుంచి 13 మిల్లీగ్రాముల ఇనుము, అందులో ఒంటపట్టేది కొద్ది భాగం. ఆమెకు రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి, 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి. కడుపులో వికారంగా ఉందనో, మలబద్ధకమనో చాలామంది నెల తిరక్కుండా మానేస్తారు. అన్నం మాత్రం ఎవరూ మానరు. అందుకే ప్రభుత్వాలు బియ్యం మీద ఇంత ఆశ పెట్టుకున్నాయి. ఆ ఆశ ఎంతవరకు నిజమైందో చెప్పాల్సింది ఎన్ని లక్షల టన్నులు పంచామన్న లెక్క కాదు, అదే గ్రామాల్లో బియ్యం రాకముందూ వచ్చాకా ఒకే పద్ధతిలో సిరనుంచి తీసి పరీక్షించిన రక్తం.